స్త్రీనిందయు శాసనమును

స్త్రీజాతిని ద్వేషించుచు, తూలనాడుచు పలుకు మాటలను శాసనము దండింపవలయునా యను ప్రశ్న యీ కాలమున దేశదేశములందు చర్చింపబడుచున్నది. మన దేశపు లా కమిషను 2017వ సంవత్సరము మార్చి నెలలో సమర్పించిన 267వ నివేదికలో, ద్వేషమును పురికొల్పు ప్రసంగములను దండించుటకై శిక్షాస్మృతిలో రెండు క్రొత్త సెక్షనులను చేర్పవలయునని సూచించెను. మతము, జాతి, కులము, భాష మున్నగువానితోపాటు లింగభేదమును కూడ ఆ సెక్షనులలో పేర్కొనెను. 2023లో పార్లమెంటు పాత శిక్షాస్మృతిని తొలగించి భారతీయ న్యాయ సంహితను నెలకొల్పినపుడు ఆ సూచన అందు చేరలేదు. వర్గముల నడుమ వైరము పుట్టించుటను దండించు 196వ సెక్షను మతమును, కులమును, భాషను పేరుపెట్టి చెప్పినదే కాని స్త్రీపురుషభేదమును పేర్కొనలేదు. ఇంగ్లండు, వేల్సు దేశముల లా కమిషను 2021 డిసెంబరులో, ద్వేషమును రెచ్చగొట్టు నేరములలో లింగభేదమును కూడ చేర్పుమని సిఫారసు చేసెను. స్కాట్లండువారు అదే సంవత్సరము చేసిన ద్వేషనేర శాసనమున స్త్రీలను చేర్పక, వారికొఱకు వేఱు శాసనము చేయుదుమని పూనుకొని, 2025 మే నెలలో ఆ శాసనసభ కాలమునకు ఆ ప్రయత్నమును విరమించిరి. ఇన్ని దేశముల శాసనకర్తలు ఈ విషయమున ముందునకు ఒక అడుగు, వెనుకకు ఒక అడుగు వేయుచుండుటకు తగిన కారణము లేకపోలేదు.

ఈ చర్చలో ఇరుపక్షములవారును సత్యమునే పలుకుచున్నారు. చిక్కంతయు అందే యున్నది. శాసనము వలయుననువారు, మాట వట్టి గాలి కాదనియు, నిత్యము తన జాతిని హీనపఱచు మాటలు వినుచు పెరిగిన స్త్రీ సభలో నోరు విప్పజాలదనియు, కావున నిందించువాని స్వేచ్ఛ నిందింపబడినదాని స్వేచ్ఛను మ్రింగుచున్నదనియు చెప్పుదురు. శాసనము వలదనువారు, ఏది నింద, ఏది విమర్శ యని తేల్చు అధికారమును పోలీసువాని చేతికిచ్చినచో అది మొదట బలహీనులమీదనే పడుననియు, రాజ్యాంగము 19వ అధికరణమున నొసగిన వాక్స్వాతంత్ర్యము కాగితముపైని మాట యగుననియు చెప్పుదురు. మేము సాహిత్యము చదివినవారమే కాని న్యాయశాస్త్రము చదివినవారము కాము. అయినను ఈ వివాదమునకు వలయు నిదర్శనము మన తెలుగు సాహిత్య చరిత్రలోనే యొకటి కలదు. శాసనమును గూర్చి చర్చించువారు దానిని పండితుల తగవని విడిచిరి; పండితులు దానిని ముగిసిన కథ యని విడిచిరి. దానిని మఱల విప్పి చూచుటయే మా యుద్దేశము.

ముద్దుపళని పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు మరాఠా ప్రభువైన ప్రతాపసింహుని ఆస్థానమున నుండిన కవయిత్రి. దేవదాసీ కులమునకు చెందినది. ఆమె రచించిన రాధికాసాంత్వనము శృంగార ప్రబంధము. తాను పెంచిన ఇళ యను కన్యను రాధ స్వయముగ శ్రీకృష్ణునకు పెండ్లిచేసి, పిదప అతని యెడబాటు సైపజాలక కుమిలి, కోపించి, తుదకు అతనిచే ఊరడింపబడుట యందలి కథ. శృంగారవర్ణనలు మన ప్రబంధములకు క్రొత్త కావు. ఈ కావ్యమున క్రొత్తది వేఱొకటి యున్నది. సాధారణముగ మన ప్రబంధములలో స్త్రీ వర్ణింపబడును. ఇందు స్త్రీయే వర్ణించును. అందును ఆ నాయిక నవయౌవనమునందున్న ముగ్ధ కాదు; వయసు గడచుచున్నదన్న బెంగయు, తన చేతులార చేసిన పనికి పశ్చాత్తాపమును, అధికారముతో కూడిన అలుకయు గల ప్రౌఢ. బ్రతిమాలవలసినవాడు నాయకుడు. కోరికను గూర్చి స్త్రీ పక్షమున ఇంత నిస్సంకోచముగ పలికిన తెలుగు ప్రబంధము మఱొకటి మాకు స్ఫురించుటలేదు.

ఈ కావ్యమును గూర్చి కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రమున తీర్పు చెప్పిరి. పంతులుగారిని గూర్చి ఈ పత్రిక చదువరులకు క్రొత్తగ చెప్పవలసినది లేదు. 1874లో వివేకవర్ధనిని స్థాపించి, 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించి, స్త్రీవిద్యకై తమ ధనమును, ఆరోగ్యమును ధారవోసిన మహనీయుడాయన. తెలుగుదేశమున స్త్రీల మేలుకోరినవారిలో ఆయనకు ముందు నిలుపదగినవారు లేరు. అట్టివారు ముద్దుపళనిని గూర్చి వ్రాసిన మాటలను నేడు చదువునపుడు మా మనస్సు చివుక్కుమనును. ఆమె శీలమును నిందించిరి; ఈ గ్రంథములోని భాగములు స్త్రీ నోట వెలువడుట యటుండగా స్త్రీ చెవిని సోకుటకును తగవనిరి; వేశ్యాకులమున పుట్టినది గనుక స్త్రీలకు సహజమైన సిగ్గు ఆమెకు లేకపోయెననిరి.

ఈ తీర్పును విమర్శకుని దృష్టితో విడదీసి చూతము. ఇందు మూడు మాటలు పెనవేసుకొని యున్నవి. గ్రంథమునందలి శృంగారము మేర మీఱినదనుట మొదటిది. ఇది సాహిత్యవిమర్శ, ఒప్పుకొనువారు ఒప్పుకొందురు, కాదనువారు కాదందురు. కవయిత్రి జన్మమును బట్టి కావ్యమును తూచుట రెండవది. ఇది విమర్శ కాదు. ఒక కులపు స్త్రీలనందఱిని ఒక్క మాటతో కొట్టివేయుట. కొన్ని మాటలు స్త్రీ నోట రాదగవు, స్త్రీ చెవికి తగవు అనుట మూడవది. ఇది స్త్రీజాతినంతటిని గూర్చిన శాసనమే. శృంగారము దోషమైనచో పురుషుని నోటను దోషమే కావలయును కదా. మొదటి మాటకు పంతులుగారికి పూర్ణాధికారము కలదు. రెండవ మూడవ మాటలు స్త్రీనింద యని చెప్పుటకు మేము వెనుదీయము. వాని తీవ్రతను తగ్గించుటకు ఆయన చేసిన సత్కార్యములను అడ్డము పెట్టుట ఆయనకును గౌరవము కాదు.

ఈ నిందకు బదులు చెప్పినది బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఆమెయు దేవదాసీ కులమున పుట్టి, సంగీతమున దేశప్రసిద్ధి గాంచి, తిరువయ్యారున త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన విదుషి. రాధికాసాంత్వనము 1887లో నొకమాఱు అచ్చుపడి యుండెను; కాని ఆ ప్రతిలో కవయిత్రి తన వంశమును, గురువులను గూర్చి చెప్పికొన్న పీఠికయు, కొన్ని పద్యములును లేవు. నాగరత్నమ్మగారు వ్రాతప్రతి సంపాదించి, రెంటిని సరిచూచి, సమగ్రమైన కావ్యమును 1910లో మదరాసు వావిళ్ళవారిచేత ప్రచురింపజేసిరి. దానికి తాము వ్రాసిన పీఠికలో పంతులుగారి మాటలను ఎత్తిచూపి నిలదీసిరి. సిగ్గు స్త్రీలకే సహజమా, పురుషులకు అక్కఱలేదా యనిరి. వేశ్య గనుక ఇట్లు వ్రాసెననినచో, ఇంతకంటె పచ్చిగా వ్రాసిన పెద్దలను, గౌరవనీయులైన పురుషకవులను ఏమనవలయుననిరి. తెలుగున ఒక స్త్రీ మఱొక స్త్రీ కావ్యము పక్షమున నిలిచి వ్రాసిన విమర్శలలో దీనికి అగ్రస్థానమీయవచ్చును. ఆ పీఠికలో ఏడుపు లేదు, ప్రాధేయపడుట లేదు. పాఠపరిష్కర్తకు తగిన నిదానమును, తర్కమును కలవు.

తరువాత జరిగినది చరిత్ర. 1911లో ప్రభుత్వము ఆ గ్రంథము అశ్లీలమని నిర్ణయించి ప్రతులను స్వాధీనము చేసికొనెను. కావ్యముతోపాటు పీఠికయు పోయెను. ఆ నిషేధము 1947 వఱకు తొలగలేదు. మదరాసు రాష్ట్రమున ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము దానిని తొలగించెను. 1952లో వావిళ్ళవారు కావ్యమును మఱల ముద్రించిరి. నాగరత్నమ్మగారు పరమపదించినదియు ఆ సంవత్సరముననే.

చదువరులు ఇచ్చట ఒక క్షణము ఆగి ఆలోచింప ప్రార్థించుచున్నాము. స్త్రీని నిందించిన గ్రంథమును శాసనము ముట్టలేదు; ఆంధ్రకవుల చరిత్రము విద్వాంసుల బల్లలపైనను, గ్రంథాలయములందును నిక్షేపముగ నుండెను. ఆ నిందకు స్త్రీ వ్రాసిన సమాధానమునే శాసనము గుంజుకొనెను. నింద చెలామణి యయ్యెను. జవాబు పోలీసు ఠాణాకు చేరెను. ఇది జరిగినది ప్రజల నీతిని, ముఖ్యముగ స్త్రీల మర్యాదను కాపాడుట యను పేరిట.

దీనికి శాసనవాదులు చెప్పు సమాధానమును మేము ఎఱుగుదుము. అది పరాయి ప్రభుత్వము. అది అశ్లీలతను గూర్చిన శాసనము. మేము కోరునది స్త్రీద్వేషమును గూర్చిన శాసనము. ఈ రెంటికిని పోలిక లేదు అందురు. ఇది సబబైన మాటయే. 1868లో ఇంగ్లండున హిక్లిన్ దావాలో పుట్టి మన న్యాయస్థానములలో దాదాపు నూటయేబది సంవత్సరములు చెల్లిన కొలత యొకటి కలదు: చెడు ప్రభావమునకు లోనగు బుద్ధి కలవారి చేత పడినచో వారిని చెఱచునట్టిది అశ్లీలము. ఆ కొలతను మన సుప్రీము కోర్టు 2014లో విడిచిపుచ్చెను. కాని పాత దొరల కొలత పోయినంతమాత్రమున పాత దృష్టి పోయినదా?

మన శాసనములనే తెఱచి చూతము. స్త్రీని అవమానించు మాటను, సైగను దండించునది పూర్వము 509వ సెక్షను. న్యాయ సంహితలో అది 79వ సెక్షనుగ మాఱినది. మూడు సంవత్సరముల వఱకు శిక్ష కలదు. అందు శాసనము కాపాడబూనినది స్త్రీ యొక్క లజ్జను, మర్యాదను. ఆమె బుద్ధిని, వృత్తిని, మాటలాడు హక్కును గూర్చి అందు ప్రసక్తి లేదు. 1986లో స్త్రీల అసభ్య చిత్రణమును నిషేధించు శాసనము వచ్చినది. స్త్రీలను కించపఱచుట యను మాట ఆ శాసనమున స్పష్టముగ కలదు. అందుకు మేము సంతసించుచున్నాము. కాని అది కించపాటును వెదకునది స్త్రీ శరీరమును చూపు తీరునందే. స్త్రీ మెదడు పురుషుని మెదడుకంటె తక్కువదని నూఱు పుటల గ్రంథము వ్రాసినను ఆ శాసనమునకు పట్టదు. స్త్రీ తన దేహమును గూర్చి తాను నిర్భయముగ చిత్రించినచో మాత్రము అది సాహిత్యమే, కళయే యని ఋజువు చేసికొనవలసిన భారము ఆమెపై పడవచ్చును. ముద్దుపళని దావాలోని తలక్రిందుల న్యాయమునకు ఇందు ఇంకను చోటున్నది.

ఇది వట్టి ఊహ కాదనుటకు మన సాహిత్యమునందే మఱొక నిదర్శనము కలదు. 1980 తరువాతి దశాబ్దమున తెలుగు కవయిత్రులు ప్రసవవేదనను, పైటను, పడకగదిలోని బలాత్కారమును గూర్చి కవితలు వ్రాసినపుడు, వానిని నీలికవిత్వమని ఎగతాళి చేసిన పురుష విమర్శకులుండిరి. అనగా ఎనుబది యేండ్ల పిమ్మట ముద్దుపళని నేరమే మఱల మోపబడెను. కవయిత్రులు న్యాయస్థానమునకు పోలేదు. 1993లో ఓల్గాగారి సంపాదకత్వమున వెలువడిన స్త్రీవాద కవితా సంకలనమునకు నీలిమేఘాలు అని పేరు పెట్టిరి. తిట్టునే తలకెక్కించుకొని గ్రంథము పేరుగ నిలిపిరి. తిట్టిన వ్యాసములను వెదకి చదువువారు నేడు అరుదు. ఆ సంకలనమును విశ్వవిద్యాలయములలో చదువుచున్నారు. వారి మాటను శాసనము అడ్డగింపలేదు కాబట్టియే ఈ గెలుపు సాధ్యమయ్యెను. నాగరత్నమ్మగారికి లేనిదియు, వారికి కలిగినదియు ఆ యొక్క అవకాశమే.

ఇక సమీపకాలపు శాసనముల సంగతి. ఇంటర్నెట్టు ద్వారా మిక్కిలి అవమానకరమైన, విసుగు పుట్టించు సందేశములు పంపుట నేరమని 2008 సవరణ శాసనము 66ఎ సెక్షనును తెచ్చెను. అవమానమునకుగాని, విసుగునకుగాని అందు నిర్వచనము లేదు. 2012 నవంబరులో మహారాష్ట్రమునందలి పాల్ఘరున, ఒక నాయకుని మరణమునకు నగరము మూతపడుటను ప్రశ్నించుచు ఫేస్‌బుక్కున వ్రాసిన యువతిని, దానిని మెచ్చిన మఱొక యువతిని పోలీసులు నిర్బంధించిరి. స్త్రీలను ఇంటర్నెట్టులో నిత్యము బెదిరించువారు వేలకొలది నుండగా, ఆ సెక్షను పేరు చెప్పిన తోడనే దేశమునకు గుర్తువచ్చునది ఈ యిద్దఱు ఆడుపిల్లల నిర్బంధమే. 2015 మార్చిలో సుప్రీము కోర్టు శ్రేయా సింఘాల్ దావాలో ఆ సెక్షనును కొట్టివేసెను. ఆ తీర్పులో న్యాయమూర్తులు చర్చించుట, వాదించుట, పురికొల్పుట అను మూడు మెట్లను చూపి, మాట మూడవ మెట్టునకు చేరినపుడే ప్రభుత్వము చేయి చాపవచ్చుననిరి.

కేరళమున జరిగినది ఇంకను సూటియైన పాఠము. 2020లో స్త్రీలను గూర్చి ఇంటర్నెట్టులో నీచముగ ప్రసంగించుచుండిన ఒకని యింటికి కొందఱు స్త్రీలు తామే పోయి నిలదీసిరి. పోలీసులవలన మేలు కలుగలేదన్నది వారి మొఱ. ఆ గలాటాలో వారిమీదను కేసు నమోదయ్యెను. జనులలో ఆగ్రహము పెరుగగా ప్రభుత్వము ఆ నవంబరులో పోలీసు శాసనమునకు 118ఎ అను సెక్షనును ఆర్డినెన్సుతో చేర్చెను. ఏ సాధనముచేతనైనను బెదిరించు, దూషించు, అవమానించు, పరువుతీయు విషయమును వ్యాపింపజేసినచో 3 సంవత్సరముల వఱకు చెఱ, లేక 10,000 రూపాయల వఱకు జరిమానా, లేక రెండును. స్త్రీల గోడు విని పుట్టిన శాసనము స్త్రీలకు పరిమితము కాలేదు; ఇంటర్నెట్టుకును పరిమితము కాలేదు; వార్తాపత్రికలను, రాజకీయ విమర్శకులను, వ్యంగ్యచిత్రకారులను అందఱిని చుట్టివేయగలదయ్యెను. దేశమంతట నిరసన చెలరేగెను. కొలది దినములలోనే ప్రభుత్వము దానిని ఉపసంహరించుకొనెను. నష్టపోయినది ఎవరు? తమ కష్టమునకు మందు కోరిన స్త్రీలే. పోలీసులకు అందిన క్రొత్త అధికారము వెనుకకు పోయినపుడు, దానితోపాటు స్త్రీల మొఱయు మఱుగున పడెను.

ఇంతవఱకు చదివినవారు మేము శాసనమే వలదనువారి పక్షమున నిలిచితిమని తలపవచ్చును. అట్లు కాదు. వాక్స్వాతంత్ర్యము పేరు చెప్పి అన్నిటిని సహింపుమనువారికి మేము ఒక సంగతి జ్ఞాపకము చేయవలసి యున్నది. 2021 జూలైలోను, 2022 జనవరిలోను ఇంటర్నెట్టున రెండు ఆప్‌లు వెలసినవి. మహమ్మదీయ స్త్రీల, అందును పత్రికారచన చేయువారి, ప్రజావిషయములను గూర్చి నిర్భయముగ మాటలాడువారి ఛాయాచిత్రములను దొంగిలించి, వారిని వేలము వేయుచున్నట్లు అందు ప్రదర్శించిరి. ఇది అభిప్రాయమా? ఇందు ఖండింపదగిన వాదమేమున్నది? దీనికి పీఠిక వ్రాసి బదులు చెప్పుటెట్లు? పేరుపేరున స్త్రీలను ఏర్చి, వారిని అంగడి వస్తువులుగ చూపి, మీరు మాటలాడినచో మీకు పట్టు గతి యిది యని తెలుపుట అది. ఆ మాట యుద్దేశము ఎదుటివారి మాటను మాన్పించుటయే. అట్టిదానిని దండించుట వాక్స్వాతంత్ర్యమునకు భంగము కాదు, దానికి రక్షణ. ఆ రెండవ ఉదంతమున పోలీసులు కొందఱిని నిర్బంధించినది నాడు అమలునందుండిన సెక్షనులతోనే యని గమనింపవలయును.

ఈ నిదర్శనములను బట్టి మాకు తోచిన తారతమ్యము ఇది. మాటను మూడు తెఱగులుగ విభజింపవచ్చును. ఒకానొక స్త్రీని పేరుపెట్టి బెదిరించుట, వెంటాడుట, పలువురు కూడి దాడిచేసి ఆమెను నోరు మూయించుట మొదటి తెఱగు. ఇది మాట రూపమున నున్న చర్య; దీనిని శాసనము నిర్దాక్షిణ్యముగ దండింపవలయును. ఇందుకు వలయునది చాలవఱకు క్రొత్త సెక్షను కాదు, ఉన్నదానిని ఆడుదాని ఫిర్యాదుపై కదలించు పోలీసు. స్త్రీజాతిపై దౌర్జన్యము చేయుమని జనులను పురికొల్పుట రెండవ తెఱగు. ఒక మతమువారిపై దాడి చేయుమని ఉసిగొల్పుట నేరమై, స్త్రీలపై చేయుమని ఉసిగొల్పుట నేరముగ పేర్కొనబడకుండుటకు మాకు న్యాయము కనబడదు. కావున లా కమిషను 2017లో లింగభేదమును చేర్పుమనుట సమంజసమే. కాని సుప్రీము కోర్టు చూపిన మూడవ మెట్టు, అనగా పురికొల్పుట, ఆ సెక్షనుకు గడప కావలయును. స్త్రీలు తెలివిలేనివారు, చపలలు, స్వాతంత్ర్యమునకు తగరు అని నిందించుట మూడవ తెఱగు. ఇది నీచమే. కాని దీనిని శాసనమునకు ఒప్పగించినచో, మొదట మనుస్మృతిని ఏమి చేయవలయునను ప్రశ్న వచ్చును. పిదప ఆ స్మృతివాక్యములను ఎత్తిచూపి ఖండించు సంస్కర్తను ఏమి చేయవలయునను ప్రశ్న వచ్చును. నిందను అచ్చొత్తక నిందకు జవాబు వ్రాయుట సాధ్యము కాదు. నాగరత్నమ్మగారు పంతులుగారి మాటలను తమ పీఠికలో ఉదాహరించియే కదా వానిని కూల్చిరి.

మూడవ తెఱగు మాటలే మొదటి రెండు తెఱగులకు విత్తనములు కావా యని ఎవరైన అడిగినచో, అవును, అవియే యని ఒప్పుకొందుము. ఈ ప్రశ్నకు మావద్ద సంపూర్ణమైన సమాధానము లేదు. శాసనము పట్టజాలని ఆ పనిని విమర్శ పట్టవలయును; విమర్శ ఆ పని మానినచో శాసనమును పిలుచువారిని తప్పుపట్టు హక్కు మనకు లేదు. ఇంతమాత్రము నిశ్చయముగ చెప్పగలము.

విమర్శ ఏమి చేయగలదో చూపుటకు న్యాయస్థానమే ఒక మార్గమును తెఱచినది. 2023 ఆగస్టులో సుప్రీము కోర్టు, తీర్పులలోను, వాదపత్రములలోను స్త్రీలను గూర్చి వాడుకలో నున్న కించపఱచు పదములను పట్టికగ కూర్చి, వానికి మాఱుగ వాడదగిన పదములను ఎదుట నిలిపి ఒక చిన్నపుస్తకమును ప్రకటించెను. అందు ఎవరికిని జరిమానా లేదు, చెఱ లేదు. శతాబ్దములుగ న్యాయమూర్తులే వ్రాయుచు వచ్చిన భాషను న్యాయస్థానము తాను విమర్శించుకొనెను. మన పండితులు నిఘంటువులకును, సామెతల సంపుటములకును, పాఠ్యపుస్తకములకును అట్టి పని ఎన్నడైన చేసిరా?

మేము ఉపాధ్యాయ వృత్తిలో నున్నవారము గనుక మా తప్పిదమునొకదానిని ఇచ్చట చెప్పికొనుట ధర్మము. కొన్నియేండ్ల క్రిందట తొమ్మిదవ తరగతి పిల్లలను సామెతలు సేకరించి తెమ్మంటిమి. మంచి పిల్లయని మేము మెచ్చుచుండిన బాలిక యొకతె తన పుస్తకము తెచ్చి, "మాస్టారూ, ఇవి కూడా రాయాలా?" అని యొక పుటను చూపెను. నవ్వే ఆడుదానిని, ఏడ్చే మగవానిని నమ్మరాదను సామెతయు, అట్టివే మఱి యేడెనిమిదియు ఆమెకు ఇంటిలోని పెద్దలు చెప్పగా వ్రాసికొన్నవి అందుండెను. "సామెతలు కదమ్మా, ఉన్నవి ఉన్నట్లు రాయాలి" అని చెప్పి మేము తరువాతి పుస్తకమునకు పోతిమి. శుద్ధప్రతిలో ఆ పిల్ల ఆ సామెతల సంఖ్యలను మాత్రము వేసి వాని యెదుట ఖాళీ విడిచెను. లెక్క తక్కువైనదని మేము రెండు మార్కులు తీసివేసితిమి.

ఆ ఖాళీ పంక్తులు ఒక విమర్శ యని గ్రహించుటకు మాకు చాలకాలము పట్టెను. ఆ నాడు శాసనము మాకేమియు అడ్డము రాలేదు. ఆ సామెతను తరగతిలో ఎత్తి, ఆడుది నవ్వుట ఎవరికి భయము కలిగించెనో, మగవాడేడ్చుట ఎవరికి చిన్నతనమయ్యెనో పిల్లలచేతనే చెప్పించి యుండవచ్చును. అట్లు చేసియున్నచో మగపిల్లలకును ఒక పాఠము దొరకియుండెడిది. నిందను చెఱిపివేయుటకును, దానిని ప్రశ్నింపక కంఠస్థము చేయించుటకును నడుమ మూడవ దారి కలదు. ఆ దారి చూపుట మా వృత్తి, మేము చూపలేదు.

కావున ఈ పత్రికలో వ్రాయువారికిని, చదువువారికిని మా మనవి యిది. బెదిరించువానిని, ఉసిగొల్పువానిని శాసనమునకు విడువుడు, అందు వెనుకాడవలదు. ఆడుదాని మర్యాద పేరిట ఆడుదాని పుస్తకమును చేపట్టవచ్చు శాసనమును మాత్రము, ఎంత మంచి మనస్సుతో తెచ్చినను, అనుమానముతోనే పరిశీలింపుడు. మిగిలిన నిందను, అది మన పూర్వులదైనను, మన గురువులదైనను, వీరేశలింగం పంతులుగారిదైనను, ఎదుట పెట్టుకొని అక్షరమక్షరము పరీక్షింపుడు. రాధికాసాంత్వనము నేడు స్వేచ్ఛగ దొరకుచున్నది. దానిని చదువువారు ముందు నాగరత్నమ్మగారి పీఠికను వెదకి చదువుదురు గాక. ముప్పదియాఱేండ్లు తొక్కిపట్టబడిన ఆ జవాబును చదువుట వారికి మనము చెల్లింపవలసిన ఋణములో మొదటి వాయిదా.